ఏ దిక్కునుండి ఈ పిలుపు?

తెలుగున 'దిక్కు' అను మాటకు రెండర్థములు గలవు. తూర్పు పడమరలు దిక్కులు. ఆపదలో ఆదుకొనువాడును దిక్కే. "వానికి దిక్కెవరు?" అని యడిగినపుడు మన మనస్సున నున్నది దిక్సూచి కాదు. అయినను ఈ రెండర్థములును ఒక్కటియైపోవు సందర్భ మొకటి గలదు. నడిసముద్రమున పడవయంత్రము చెడి, గాలికి కొట్టుకొనిపోవుచున్న జాలరి తనయొద్దనున్న చిన్న వైర్‌లెస్ పరికరమును మీటినాడనుకొందము. ఆ సంకేతము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో వినువారికి తెలిసిననే ఆతనికి దిక్కు గలుగును. తెలియుటలో ఒక్క డిగ్రీ పొరపాటు జరిగినచో అరువది కిలోమీటర్ల దూరమున అది ఒక కిలోమీటరు పైచిలుకు ఎడమగును. రాత్రివేళ, కెరటముల నడుమ, ఒక కిలోమీటరనగా చిన్న దూరము కాదు.

ఆ ఒక్క డిగ్రీని తగ్గించుటకై నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు పడిన పాట్ల కథ యిది. అందొక ఘట్టమున డార్విను జీవశాస్త్రము వచ్చి ఏరియళ్ళ లెక్కలలో తలదూర్చినది. మరియొక ఘట్టమున నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదువుకొన్న ఒక తెలుగువాడు గీచిన గీత అడ్డముగా నిలిచినది. తెలుగు పాఠములు చెప్పుకొనువానికి ఈ లెక్కలతో నేమి పని యని పాఠకులు శంకింపవచ్చును. ఆ గీతను గూర్చి మన పాఠశాలలలో చెప్పుకొనవలసినంత చెప్పుకొనుట లేదని తోచుటయే నా సమాధానము.

దిక్కు నెరుగుటకు ఒక చెవి చాలదు. కుడిప్రక్కనుండి ఎవరైన పిలిచినచో ఆ ధ్వని కుడిచెవికి ముందుగను, ఎడమచెవికి కొంత వెనుకగను చేరును. చెవుల నడిమి దూరము ఇంచుమించు 20 సెంటీమీటర్లు. ధ్వనివేగము సెకనుకు దాదాపు 340 మీటర్లు. ఒక సెకనును పదివేల భాగములు చేసినచో, ఆ రెండు రాకల నడిమి భేదము మిక్కిలి యెక్కువైనపుడును అందారు భాగములే. ఇంతటి స్వల్పభేదమును మన మెదడు తడవుకొనకయే గుర్తించి తలను సరిగా నటువైపునకే త్రిప్పును. కొన్ని జాతుల గుడ్లగూబలకు ఒక చెవి యెత్తుగను, ఒకటి పల్లముగను ఉండును. అందుచే చీకటిలో ఎలుక యే ప్రక్కనున్నదో మాత్రమేకాక ఎంత క్రిందనున్నదో కూడ వానికి తెలియును.

మన పురాణములలో ఈ విద్యకు శబ్దవేధియని పేరు. దశరథుడు సరయూతీరమున చీకటిలో కడవ మునుగు చప్పుడు విని బాణము విడిచినాడు. బాణము గురి తప్పలేదు. దిక్కును గణించుటలో రాజు చేసిన తప్పేమియు లేదు. ఏనుగని యెంచినచోట మునికుమారు డుండెను. దిక్కు తెలియుట వేరు, అచ్చట నెవరున్నారో తెలియుట వేరు. మనము చెప్పుకొనబోవు శాస్త్రమంతయు మొదటి ప్రశ్నకే సమాధానము వెదకుచున్నదని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ధ్వనికి బదులు నిస్తంత్రీ తరంగమైనచో చిక్కు పెరుగును. దాని వేగము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. తొలినాటి ఇంజనీర్లు కాలభేదము జోలికి పోలేదు. తీగను చట్రమునకు చుట్టి, ఆ చట్రమును త్రిప్పుచు, సంకేతము మిక్కిలి క్షీణించిన స్థానమును గుర్తుపెట్టుకొనిరి. 1907లో ఇటలీదేశీయులైన బెల్లినీ, టోసీ అనువారు చట్రమును కదలింపకయే దిక్కు కనుగొను ఉపాయమును కల్పించిరి. మొదటి ప్రపంచయుద్ధమున దీని విలువ బయటపడెను. 1916 మే 30వ తేదీన బ్రిటిషువారి తూర్పుతీరపు కేంద్రములు వినుచున్న జర్మను నౌకల సంకేతపు దిక్కు ఒకటిన్నర డిగ్రీ జరిగినది. ఆ కేంద్రములను తీర్చిదిద్దినవాడు మార్కోనీ సంస్థకు చెందిన కెప్టెన్ రౌండ్. జర్మను నౌకాబలము కదలుచున్నదని బ్రిటిషువారు గ్రహించుటలో, గూఢలిపిని ఛేదించినవారి పనితోపాటు, ఈ ఒకటిన్నర డిగ్రీకిని పాలున్నది. మరునాడు జట్లండ్ నౌకాయుద్ధము జరిగెను.

శాంతికాలపు కథ యొకటి నాకింకను ప్రీతికరము. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున హోమ్‌డెల్ అనుచోట బెల్ పరిశోధనశాలకు చెందిన కార్ల్ జాన్‌స్కీ అను యువకుడు, సముద్రముల మీదుగా సాగు టెలిఫోను సంభాషణలకు అడ్డువచ్చు రొద ఎచ్చట పుట్టుచున్నదో వెదకుటకు నియుక్తుడయ్యెను. ఆతడు నిర్మించిన పొడవైన ఏరియల్ ఫోర్డు కారు చక్రములమీద ఇరువది నిముషములకొక చుట్టు తిరుగుచుండెడిది. తోటివారు దానికి రంగులరాట్నమని పేరు పెట్టిరి. దగ్గరి ఉరుముల రొద, దూరపు ఉరుముల రొద పోగా మూడవదిగా ఒక సన్నని బుస మిగిలినది. అది సూర్యునినుండి వచ్చుచున్నదని మొదట తోచెను. కాని నాటినాటికి అది కొంచెము ముందుగా వచ్చుచుండెను. తిరిగి అదే స్థానమునకు వచ్చుటకు దానికి పట్టిన కాలము 24 గంటలు కాదు, 23 గంటల 56 నిముషములు. పంచాంగము నెరిగినవారికి ఈ లెక్క క్రొత్తది కాదు; అది నాక్షత్రదినము. ఆ బుస భూమికిని సూర్యునికిని సంబంధించినది కాదు. ధనూరాశివైపు, మన పాలపుంత నడిబొడ్డునుండి వచ్చుచున్నది. 1933లో ఈ సంగతి లోకమునకు వెల్లడియై రేడియో ఖగోళశాస్త్రమునకు నాందియైనది. టెలిఫోనులోని గరగర యెచ్చటిదో చూచిరమ్మని పంపగా ఆ యువకుడు పాలపుంత నడుమకు పోయి వచ్చినాడు.

తిరుగు ఏరియల్‌కు ఒక లోపము గలదు. ఒక్క పిలుపు వచ్చునపుడది చక్కగా పనిచేయును. రెండు మూడు పిలుపులు ఒకేమారు, ఒకే తరంగదైర్ఘ్యముమీద వచ్చినచో కలవరపడి, రెంటి నడుమ నెచ్చటనో లేని దిక్కును చూపును. అందుచే ఇంజనీర్లు మరల చెవుల యుపాయమునకే వచ్చిరి. అయితే చెవులు రెండు కావు. ఎనిమిది, పదునారు, ఒక్కొకచో వేయి. ఏరియళ్ళను వరుసగా నాటి, తరంగము ఒక్కొక్కదానిని ఏ దశలో చేరుచున్నదో పోల్చిచూచుట ఈ పద్ధతి.

తిరుపతికి సమీపమున గాదంకియొద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జులమీద పనిచేయు రాడార్ గలదు. అందు 1024 యాగీ ఏరియళ్ళు, వరుసకు 32 చొప్పున 32 వరుసలు, 130 మీటర్ల చదరమున బారులు తీరియుండును. ఒకప్పుడు మన యిండ్ల డాబాలమీద దూరదర్శన్ కొరకు నిలిపిన చేపముల్లువంటి ఏరియళ్ళను జ్ఞప్తికి దెచ్చుకొన్నచో ఆ దృశ్యము కొంత ఊహకందును. అచ్చట ఏదియు తిరుగదు. ఏరియళ్ళ నడిమి దశాభేదమును మార్చుటచేతనే కిరణము ఆకాశమున ప్రక్కకు వంగును. పంపుటలో చేయు ఈ పనినే వినుటలో తలక్రిందుగా చేసినచో వచ్చు తరంగపు దిక్కు తెలియును.

ఒక్క లెక్క చూతము. 100 మెగాహెర్ట్జుల సంకేతపు తరంగదైర్ఘ్యము 3 మీటర్లు. రెండు ఏరియళ్ళను అందులో సగము దూరమున, అనగా ఒకటిన్నర మీటరు ఎడముగా నిలిపితిమి. సంకేతము నేరుగా ఎదుటినుండి కాక 30 డిగ్రీలు ప్రక్కగా వచ్చినచో, మొదటి ఏరియల్‌ను చేరిన పిదప రెండవదానిని చేరుటకు అది ముప్పాతిక మీటరు అదనముగా నడువవలెను. ఆ నడకకు పట్టు కాలము సెకనులో 40 కోట్లవ వంతు. కాలమును కొలువబూనినచో ఇది గడ్డుపని. కాని ముప్పాతిక మీటరనగా తరంగములో నాలుగవ వంతు. అనగా 90 డిగ్రీల దశాభేదము. దీనిని కొలుచుట ఏమంత కష్టము కాదు. పదవ తరగతి త్రికోణమితి వచ్చిన విద్యార్థి ఈ దశాభేదమునుండి దిక్కును తానే రాబట్టగలడు. ఏరియళ్ళ యెడము సగము తరంగమునకు మించినచో మాత్రము రెండు వేర్వేరు దిక్కులు ఒకే దశాభేదము నీయవచ్చును. అప్పుడు దారి తప్పుదుము.

ఇట్లు ఎనిమిది ఏరియళ్ళను వరుసగా నిలిపినచో ఆ పరికరపు చూపు వెడల్పు సుమారు 13 డిగ్రీలు. ఆ వెడల్పులోపల ఇరువురు పిలిచినచో ఒక్కడుగానే తోతురు. 1979లో రాల్ఫ్ ష్మిట్ అను అమెరికా ఇంజనీరు ఈ అడ్డంకిని దాటు మార్గమును చూపెను. వినబడినదానిలో పిలుపులకు సంబంధించిన భాగమును, కేవలము రొదయైన భాగమును గణితముచే వేరుచేసి, రొదతో ఏమాత్రమును పొత్తులేని దిక్కు లెవ్వియో అవియే పిలుపుల దిక్కులని నిర్ణయించుట ఆ మార్గము. దాని పొడవైన ఆంగ్లనామమును కుదించగా 'మ్యూజిక్' అయినది. శాస్త్రజ్ఞులకును పేర్ల సరదా యుండును. కొన్ని యేండ్లకే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 'ఎస్‌ప్రిట్' అను మరియొక పద్ధతి పుట్టెను. దానిని కల్పించిన మువ్వురిలో ఇరువురు భారతదేశమున పుట్టినవారు: పుణెలో పుట్టిన థామస్ కైలాత్, పొల్లాచిలో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. పాల్‌రాజ్ అంతకుముందు మన నౌకాదళమున నుండి, నీటిలోని ధ్వనుల దిక్కును పట్టు సోనార్‌ను నిర్మించినవారు.

మ్యూజిక్‌లో ఒక అపశ్రుతి గలదు. దానికి ప్రతిధ్వని సరిపడదు. ఒకే సంకేతము నేరుగా ఒకమారును, కొండకో మేడకో తగిలి మరియొక దిక్కునుండి మరొకమారును వచ్చినచో, ఆ రెండును ఒకదాని నీడగా మరియొకటి నడచును. వానిని విడదీయజాలక ఆ గణితము తికమకపడును. దీనికి విరుగుడు లేకపోలేదు. ఏరియళ్ళ బారును చిన్న జట్లుగా విభజించి సగటు తీయుదురు. కాని దానిచే ఉన్న ఏరియళ్ళ బలములో కొంత చేజారిపోవును. ప్రాణములు నిలుచునది, పోవునది తరచుగా ప్రతిధ్వనులున్న చోటనే. ఆపన్నుల సంకేతములను ఉపగ్రహములద్వారా వినుటకు 'కోస్పాస్-సార్‌సాట్' అను అంతర్జాతీయ వ్యవస్థ గలదు. 1982లో దాని మొదటి ఉపగ్రహము ఎగిరెను. ఆ సంవత్సరమే దానివలన మనుష్యుల ప్రాణములు దక్కెను. 406 మెగాహెర్ట్జుల సంకేతమునుండి స్థానమును ఉపగ్రహవ్యవస్థ చెప్పును. కడపటి కొద్ది దూరమును మాత్రము వెదకువారు 121.5 మెగాహెర్ట్జుల సంకేతపు దిక్కును పట్టుకొని నడతురు. ఆ కడపటి దూరముననే కొండలు బదులు పలుకును.

ప్రతిధ్వనికి బెదరని పద్ధతి యొకటి పూర్వమునుండియు గలదు. దానికి గరిష్ఠ సంభావ్యతా పద్ధతియని పేరు. "పిలుపులు ఈ ఈ దిక్కులనుండి వచ్చియుండినచో, మనము వినినది ఇట్లే వినబడుటకు ఎంత అవకాశమున్నది?" అని ప్రతి యూహను ప్రశ్నించి, ఎక్కువ అవకాశమున్న యూహను గ్రహించుట ఆ పద్ధతి. చెప్పుట సులభము, చేయుట కష్టము. డిగ్రీలో పదవ వంతు వరకు వెదకవలెననుకొందము. ఒక్క పిలుపైనచో 180 డిగ్రీలలో 1800 ఊహలు. రెండైనచో 16 లక్షల జంటలు. మూడైనచో 97 కోట్లు. నాలుగైనచో 43 వేల కోట్లకు పైమాట. వేగముగల కంప్యూటరుకైనను ఇది ఆపన్నుని పిలుపు వినునప్పుడు కూర్చుండి వేయదగిన లెక్క కాదు.

అన్నింటిని పరీక్షింపక మంచి యూహవైపు క్రమముగా జరుగరాదా? జరుగవచ్చును. కాని ఇచ్చట ఒక మోసమున్నది. గుట్టలు నిండిన ప్రదేశమున అమావాస్య రాత్రి ఒకనిని విడిచి, ఎల్లప్పుడును ఎత్తునకే అడుగు వేయుమని చెప్పితిమనుకొందము. ఆతడు తప్పక ఒక శిఖరమును చేరును. అది దగ్గరి చిన్నగుట్ట శిఖరము. నాలుగు వైపులను పల్లమే యగుటచే ఇంతకన్న ఎత్తైనది లేదని నమ్మి యచ్చటనే కూర్చుండును. పెద్దకొండ రెండు క్రోసుల దూరముననే యున్నను ఆతనికి కనబడదు. దిక్కుల లెక్కలో, అందును ప్రతిధ్వనులున్నపుడు, ఇట్టి చిన్నగుట్టలు కోకొల్లలు.

ఇచ్చట జీవపరిణామము ప్రవేశించుచున్నది. 1960-70 నడుమ బెర్లిన్ నగరమున రెకెన్‌బెర్గ్, ష్వెఫెల్ అనువారును, అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమున జాన్ హాలండ్‌ను వేరువేరుగా ఒకే యాలోచన చేసిరి. ప్రకృతి యెవరిని అడుగకయే కఠినమైన సమస్యలను పరిష్కరించుచున్నది; దాని మార్గమును లెక్కలకేల వాడుకొనరాదు? హాలండ్ గ్రంథము 1975లో వెలువడెను. విత్తనములు కట్టు మన రైతున కిందులో వింతయేమియు తోచదు. చేనిలో మేలైన వెన్నులను ఏరి విత్తనమునకుంచును. మరుసటి పంటలో మరల ఏరును. తాను ధాన్యమును సృష్టింపడు, ఎన్నుకొనును.

దిక్కుల సమస్యకు దీనిని ఎట్లు పొసగించిరో ఒక చిన్న యుదాహరణముతో చెప్పెదను. మూడు పిలుపులు 30, 47, 118 డిగ్రీలనుండి వచ్చుచున్నవి. ఈ సంగతి మనకు తెలియదు. గాలిలోనికి విసరినట్లు ఏబది ఊహలను కల్పింతుము. ఒక్కొక్క ఊహ మూడు సంఖ్యల గుచ్ఛము. అదియే దాని జాతకము. అందొక ఊహ '12, 47, 80'. నడిమి సంఖ్య తప్ప తక్కినవి తప్పు. మరియొకటి '30, 66, 118'. నడిమిది తప్పు, తక్కిన రెండును సరి. ప్రతి యూహకును సంభావ్యతను లెక్కించి మార్కులు వేయుదుము. అధమములను తొలగించి, మేలైనవానికి పెండ్లి చేయుదుము. పై రెండింటి సంతానములో ఒకటి మొదటిదాని నడిమి సంఖ్యను, రెండవదాని కొనలను పుణికిపుచ్చుకొన్నచో '30, 47, 118' పుట్టును. తలిదండ్రులలో ఎవరికిని తెలియని సమాధానము బిడ్డకు తెలిసినది! నిజముగా ఇంత చక్కని పెండ్లి మొదటి తరముననే కుదురదు. అందుచే అప్పుడప్పుడు ఒక సంఖ్యను కొద్దిగా కదలింతురు. 46 ఉన్నచోట 47 అగును, ఒక్కొకచో 90 అగును. జీవశాస్త్రమున దీనికి ఉత్పరివర్తనమని పేరు. ఏబది ఊహలతో రెండువందల తరములు నడపినచో మొత్తము పదివేల పరీక్షలు. 97 కోట్లయొద్ద పదివేలనగా ఏపాటి?

గుట్టల రాత్రికి మరల పోయినచో ఇందలి కిటుకు తెలియును. ఒక్కనిని కాక ఏబదిమందిని ఏబది చోట్ల విడిచితిమి. కొందరు చిన్నగుట్టలెక్కుదురు. ఒక్కడైనను పెద్దకొండ వాలుమీద పడినచో తరువాతి తరమువారందరును అటువైపు మొగ్గుదురు. ఇందు కొంత అపాయమును గలదు. తొందరపడి ఒక్క మంచి యూహ వంశమునే పెంచినచో, కొన్ని తరములకు ఏబది ఊహలును అన్నదమ్ములవలె ఒకే పోలికతో నుండును. సగోత్రులకు పెండ్లి చేసినట్లే. క్రొత్తది పుట్టదు, మందయంతయు ఒక గుట్టమీదనే నిలిచిపోవును. మందలో వైవిధ్యమును కాపాడుట, మేలును ఎన్నుకొనుట ఈ రెంటిని తూచుటయే ఇందలి నేర్పు.

1980-90 నడిమి దశాబ్దము చివరనుండి ఈ పద్ధతిని దిక్కుల లెక్కలకు వాడుచున్నారు. పిదప 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ అనువారు పక్షుల గుంపులను చూచి మరియొక పద్ధతిని, ఇంచుమించు అప్పుడే స్టార్న్, ప్రైస్ అనువారు ఊహల నడిమి భేదములనే అడుగులుగా వాడు ఇంకొక పద్ధతిని కల్పించిరి. ఈ రెండును గట్టివి. అటుపిమ్మట మాత్రము తోడేళ్ళు, తిమింగిలములు, గబ్బిలములు, కోకిలలు, మిణుగురుపురుగులు ఒక్కొక్కటిగా వచ్చి ఒక్కొక్క పద్ధతికి పేరిచ్చినవి. అలంకారశాస్త్రము చదువుకొన్నవానికి ఇది చూచినపుడు నవ్వు వచ్చును: ఉపమానము పెరిగి పెరిగి ఉపమేయము మరుగున పడినది. తోడేలు చర్మము తీసిచూచిన లోపల పాత గణితమే యుండుట కద్దు. 1997లో వోల్పర్ట్, మెక్రెడీ అనువారు ఒక సిద్ధాంతమును నిరూపించిరి. ఉండదగిన సమస్యలన్నింటిని కలిపి సగటు తీసినచో ఏ వెదకులాట పద్ధతియు మరియొకదానికన్న మేలు కాదు. ఉచితభోజనము లేదను పేరిట ఈ సిద్ధాంతము ప్రసిద్ధము. ఒక సమస్యలో గెలిచిన తోడేలు మరియొకదానిలో ఓడును.

అట్లైనచో ఒక పద్ధతి ఇచ్చిన సమాధానము మంచిదో కాదో నిర్ణయించుట ఎట్లు? ఇవి యూహలపై నడచు పద్ధతులు. ఈ పూట ఒక సమాధానమిచ్చి, మరుపూట కొంచెము భిన్నమైనదానినీయవచ్చును. ఒక పద్ధతిని మరియొక పద్ధతితో పోల్చినంత మాత్రమున చాలదు. రెండును చెడ్డవి కావచ్చును. పద్ధతులకెల్ల బయట నిలిచిన కొలబద్ద యొకటి కావలెను. ఆ కొలబద్దను చేసినవాడు మనవాడు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో, అప్పటి బళ్ళారి జిల్లాలోని హడగలిలో, తెలుగు కుటుంబమున జన్మించెను. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితపట్టము నంది, కలకత్తాలో గణాంకశాస్త్రమున ప్రవేశించెను. అచ్చట పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి యడిగిన ప్రశ్నకు సమాధానముగా ఆయన సాధించిన ఫలితము 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో అచ్చయ్యెను. అప్పటి కాయనకు ఇరువదియైదేండ్లు. (తరగతిలో ప్రశ్నలడుగు విద్యార్థులను కసరుకొను మావంటివారు ఈ సంగతిని గమనింపవలెను.) స్వీడన్ దేశీయుడు క్రేమర్ కూడ స్వతంత్రముగా దీనిని సాధించుటచే క్రేమర్-రావు హద్దని పేరు వచ్చెను.

ఆ ఫలితపు సారమిది. ఎంత తెలివిగల పద్ధతితో అంచనా వేసినను, ఆ అంచనా పక్షపాతము లేనిదైనచో, దాని ఒడిదుడుకులు ఒక హద్దుకన్న తగ్గజాలవు. ఆ హద్దు పద్ధతినిబట్టి కాక, మన చేతికందిన సమాచారమునుబట్టి నిర్ణయమగును. పక్షపాతము లేనిదనుట ముఖ్యము. ఎవరేమి యడిగినను "తూర్పు" అని చెప్పువానికి ఒడిదుడుకులే యుండవు. అంతమాత్రమున ఆతడు జ్ఞాని కాడు. దిక్కుల సమస్యకు ఈ హద్దును లెక్కించినచో పనికివచ్చు సంగతులెన్నియో తెలియును. రొదకన్న సంకేతము రెట్టింపు బలముగా నున్నచో దోషవర్గపు హద్దు సగమగును. రెట్టింపు మార్లు వినినను సగమే యగును. ఏరియళ్ళను రెట్టింపు చేసినచో మాత్రము అది దాదాపు ఎనిమిదవ వంతున కిందికి దిగును. ఏరియళ్ళ బారు వెంబడి ప్రక్కనుండి వచ్చు పిలుపుయొక్క దిక్కు, ఎదుటినుండి వచ్చు పిలుపు దిక్కుకన్న అస్పష్టముగా నుండును. ఇవియేవియు తోడేళ్ళు మార్చజాలినవి కావు.

ఈనాడు ప్రపంచమున ఎచ్చట ఎవరు దిక్కులు కనుగొను పద్ధతిని ప్రకటించినను, అందలి పటములో ఒక గీత క్రిందుగా గీచియుండును. తమ పద్ధతి దోషము ఆ గీతకు ఎంత చేరువగా వచ్చినదో చూపుట ఆచారము. అదియే రావుగారి గీత. పరిణామ పద్ధతులు మంచి వేళలందు దానిని ఇంచుమించు తాకును. రొద ఒక మేరకు మించినపుడు మాత్రము దోషము హఠాత్తుగా గీతను విడిచి పైకెగయును. అప్పుడు తప్పు వెదకులాటది కాదు. అన్ని యూహలను ఒక్కటొక్కటిగా పరీక్షించినను పెద్దకొండయే తప్పుచోట నిలిచియుండును. ఎవరైన గీతకు దిగువను పోయితిమని చెప్పినచో వారి లెక్కను మరల చూడవలెను. రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించెను. ఆ యేడే ఆగష్టు 22న, నూటరెండవ యేట, ఆయన అమెరికాలో కన్నుమూసిరి.

ఇంకొక చిక్కు మిగిలియున్నది. పై యుదాహరణములో పిలుపులు మూడని ముందే యనుకొంటిమి. ఆ మూడు అను సంఖ్యను ఎవరు చెప్పిరి? నాలుగని చెప్పినచో పరిణామ పద్ధతి వినయముగా నాలుగవ దిక్కునుకూడ వెదకి తెచ్చును. లేనిదానికిని ఒక సంఖ్య నిచ్చును. పిలుపుల లెక్క తేల్చుటకు జపాను శాస్త్రజ్ఞుడు అకైకే 1974లో ప్రకటించిన గీటురాయి యొకటి గలదు. 1985లో వాక్స్, కైలాత్ అనువారు దానిని ఈ సమస్యకు అన్వయించిరి. సంకేతము బలముగా నున్నపుడవి బాగుగనే చెప్పును. రొద హెచ్చి, ప్రతిధ్వనులు కలిసినపుడు ఒకటి యెక్కువయో తక్కువయో చెప్పుటయు కద్దు. అట్టివేళ లెక్కను రెండుమారులు, మూడనియొకమారును నాలుగనియొకమారును నడపి, రెంటియందును కదలక నిలిచిన దిక్కులను ముందుగా నమ్ముట మేలని నాకు తోచును. నిలువని ఆ నాలుగవ దిక్కు కొండ పలికిన బదులో, మరియొక పడవయో, అచ్చటికి పోయి చూచినగాని తెలియదు.